ఒక్క ఇంటికి ఒక్కటే గుర్తు

యాదమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇయ్యాల మన స్వప్న కాలేజీ హాస్టల్‌కు పోయింది.

బట్టలు, బకీటు, బట్టల సబ్బులు, బ్రష్షు అన్నీ సర్దినం. ఇంకో గంటకు ఆటో వస్తదనంగ పిల్ల ఫోన్ చూసి మొత్తుకున్నది. "డాడీ, ప్రతి బట్టకు గుర్తు ఉండాలంట! లేకపోతే అక్కడ ఉతకనీకి తీసుకోరంట!"

"గింతదానికి పరేషాన్ ఎందుకు బిడ్డా?" అన్న. నువ్వు ఉతకనీకి తెచ్చే నల్లగండ్ల అపార్ట్‌మెంటోళ్ల బట్టలకు గుర్తు కుట్టంగ ఎన్నిసార్లు చూడలే? ఒక్క ఇంటికి ఒక్కటే గుర్తు, కలిసిపోతే లొల్లి అయితదంటుంటివి. నీ డబ్బాల ఉన్న ఎర్రదారం తీసి, దాని కుర్తా మెడ లోపట మూడు కుట్లు ఏసిన.

పిల్ల మొఖం మాడిపోయింది. "అది మూడో అంతస్తు మేడమోళ్ల గుర్తు! మనింటి బట్టలకు అమ్మ ఎన్నడన్న గుర్తు పెట్టిందా?"

నిజమే. మన బట్టలు యాడికి పోతయని పెడ్తవు?

విప్పుదామని కుట్ల కింద సూది పెట్టిన. పిల్ల సూది గుంజుకున్నది. "నువ్వు పోయి మిగిలిన సామాన్లు కిందికి దించు" అని కసిరింది. ఆటో వచ్చేదాక కిందనే ఉండి నేను మళ్ల పైకొచ్చేసరికి అన్నిటికీ కుట్టేసింది. మూడు కుట్లు, వాటి మీద అడ్డంగ ఇంకోటి. తోడొస్తనంటే వద్దన్నది. ఆటో ఎక్కింది.

ఇగ డ్యూటీకి పోదామని నా సెక్యూరిటీ అంగి తొడుగుతుంటే మెడకు ఏందో గీసుకున్నది. ఇప్పి చూసిన. కాలర్ లోపట మూడు ఎర్ర కుట్లు, వాటి మీద అడ్డంగ ఇంకోటి.