ఎర్రదారం కట్టిన థర్మామీటరు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన నోయిడా గుర్రపుశాలలో నీ రాణి మొన్న దాణా మానేసింది. గుర్రాలు చూసే రాంధన్ జ్వరమెంతో చూడకుండానే సూది వేసేశాడు. "అబ్ ఠీక్ హై, దీదీ" అంటే, నిజంగానే బాగైపోయిందని నమ్మి, మిగతావాటి పక్కనే ఉంచాను. అన్నీ ఒకే తొట్టిలో నీళ్లు తాగాయి.

"ముందు థర్మామీటరు, తర్వాతే మందు. లేకపోతే జ్వరం దాక్కుంటుందే!" అని ఎన్నిసార్లు కసిరావు నువ్వు!

ఈ పొద్దున, నువ్వు ఎర్రదారం కట్టిన ఆ థర్మామీటరే పెట్టి చూశాను. నూటనాలుగు. డాక్టరుకి ఫోన్ చేశాను.

"మేడమ్, నూటరెండు దాటినప్పుడే పిలవాల్సింది. వస్తున్నా, ముందు దాన్ని వేరుగా కట్టండి" అన్నాడు.

రాణిని విప్పి బయటికి నడిపించాను. వెనక్కి తిరిగి చూస్తే, మిగిలిన ఐదు గుర్రాల ముందూ పొద్దుటి దాణా అలాగే ఉంది.