తాళం వేసిన ఇళ్ళు

హాస్టల్,
మార్చి 9, సోమవారం.

పిన్నికి నమస్కారాలు.

నేను క్షేమమని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. బుర్ర మాత్రం అయోమయంగా ఉంది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రిటైరైనా ఊరందరి టీకాల తేదీలు ఇంకా నువ్వే గుర్తుపెట్టుకుంటున్నావని బాబాయి ఫిర్యాదు చేశాడు.

ప్రపంచ ఆరోగ్యాభివృద్ధి చదువుకి నాకు విదేశంలో సీటు వచ్చింది. స్నేహితురాళ్ళు ఎగిరి గంతేశారు. నేనేమో తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. వస్తానో రానో శుక్రవారంలోగా చెప్పాలి.

బట్టల ఫ్యాక్టరీ వెనక వీధిలో నేను చేసిన సర్వే చూసే ఆ సీటు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్ళి ఎవరికి ఏ జబ్బుందో, మందులు అందుతున్నాయో లేదో రాసుకోవాలి. తాళం ఉంటే 'లేరు' అని రాసి పక్కింటికి వెళ్ళమని నియమం. డెబ్బై రెండు ఇళ్ళలో ముప్పై ఒకటి తాళాలే. మిగిలినవాళ్ళంతా గుండ్రాయిల్లా ఉన్నారు. మా సార్ మురిసిపోయి, ఈ వీధికి వస్తున్న మందుల వ్యాను ఇక అక్కర్లేదు, అవసరమున్న చోటికి పంపుదామని సిఫారసు చేసేశారు. ఉన్నది ఒక్క వ్యానే కదా, నాకూ న్యాయంగానే తోచింది.

మొన్న ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆవిడ నన్ను వీధిలో ఆపేసింది. వచ్చే నెల నుంచి వ్యాను రాదట, మా అత్తకి బీపీ బిళ్ళలు ఎవరిస్తారు అని నిలదీసింది. మీ ఇంటికొచ్చాను, తాళం ఉంది అన్నాను. అత్త లోపలే ఉంటుందమ్మా, మతిమరుపు మనిషి, దారి తప్పుతుందని తాళమేసి పనికెళ్తాను, సాయంత్రం డ్యూటీ దిగాక వ్యాను దగ్గరికి నేనే తీసుకెళ్తాను అంది. అలాంటి ఇళ్ళు ఇంకో ఆరు చూపించింది.

సార్‌కి చెబితే, నియమం ప్రకారమే చేశావుగా, వెళ్ళి పెద్ద చదువు చదివి ఆ నియమమే మార్చు అన్నారు. నిజమేనేమో. కానీ ఏడిళ్ళు అర్థం కానిదానికి ప్రపంచం ఏం అర్థమవుతుంది? పోనీ వెళ్ళకపోతే ఆ అత్తగారికి ఒరిగేదేమిటి? ఎటు ఆలోచించినా మొదటికే వస్తున్నాను.

చిన్నప్పుడు నీ వెంట సంచి మోసుకుంటూ టీకాలకి తిరిగేదాన్ని కదా. తాళమున్న ఇంటి ముందు కూడా నువ్వు ఆగి గొంతెత్తి పిలిచేదానివి. ఖాళీ ఇంటితో కబుర్లేమిటని నవ్వుకునేదాన్ని. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. వెంటనే జవాబు రాయి పిన్నీ, తిట్టినా సరే.

ఇట్లు,
నీ తోక.

తా.క.: పైన ఒక మాట మింగేశాను. సర్వే రోజు ఆ అత్తగారి తలుపు మీద సుద్దతో గుర్తు పెడుతుంటే, లోపల్నుంచి ఎవరమ్మా అని అడిగింది ఆ పెద్దావిడ. రెండుసార్లు. ఎండ మండిపోతోంది, ఇంకా నలభై ఇళ్ళున్నాయి. విననట్టే 'లేరు' అని రాసుకుని వెళ్ళిపోయాను. ఇందాకే సార్‌కి ఇదంతా రాసిచ్చాను. ఆ వీధికి వ్యాను వస్తూనే ఉంటుందో లేదో, నా సీటు పోతుందో తెలియదు. అక్కణ్ణుంచి నేరుగా ఆ ఇంటికెళ్ళి తలుపు ముందు నిలబడి పిలిచాను. మళ్ళీ ఎవరమ్మా అనే అడిగింది. ఈసారి నా పేరు చెప్పి, తలుపు దగ్గరే కూర్చున్నాను పిన్నీ.