అర పేజీ లైసెన్సు

శంషాబాద్, 9 ఆగస్టు 2012, గురువారం

ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్ల వంతుల కోసం నేను రాసి ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రామును ఆరాంఘర్ కంప్యూటర్ షాపతను కొంత మార్చి, కోడు దాచి, వాళ్లకే అమ్మాడు. అతను తప్ప అందులో వంతు ఎవరూ మార్చలేరు. అడిగితే తీరిక లేదంటాడు. డ్రైవర్ యాదయ్యకు మాత్రం రేపటి నుంచే పొద్దుటి వంతు కావాలి. మధ్యాహ్నాలు భార్యను దవాఖానకు తీసుకెళ్లాలి.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "నువ్వు రాసిందే గదన్నా, జర తెరువు."

మార్చిన కోడు అతని దగ్గరే ఉంది, తెరవలేనన్నాను. షాపతనిది తప్పు కాదనీ, ప్రోగ్రామును ఎవరు ఎలా వాడుకోవచ్చో చెబుతూ నేను దానితో పెట్టిన లైసెన్సే అందుకు అనుమతించిందనీ చెప్పాను. మార్చినవాడు కూడా కోడు దాచకూడదనే లైసెన్సు మరొకటి ఉంది. చాలా పొడవు, ఆ ఇంగ్లీషు నాకు కొరుకుడు పడలేదు. నేను ఎంచుకున్న అర పేజీది డిక్షనరీతో పూర్తిగా అర్థమైంది. అర్థం కానిదాన్ని నా పేరు మీద పెట్టకూడదనుకున్నాను.

"వానికి పర్మిషన్ ఇచ్చినవ్, మంచిదే. వాడుకునేటోళ్లం మేము. మమ్మల్ని అడిగినవా అన్నా?"

అతను వెళ్లాక, ఆనాడు రెండు లైసెన్సులనూ పోల్చుతూ గీసిన పట్టిక తీసి చూశాను. రాసేవాడికి ఒక గడి, తీసుకుని మార్చేవాడికి ఒక గడి ఉన్నాయి. యాదయ్యకు గడి లేదు.