అత్తయ్య పూల డిజైన్లు నా కంప్యూటర్‌లో

అత్తయ్యా, మీ పాత కంప్యూటర్ ఇక లేవదు. మీ ఎంబ్రాయిడరీ ప్రోగ్రామ్‌ని నా కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టి నడిపించాను. అది అచ్చం పాత కంప్యూటర్‌లా నటిస్తుంది. ఇల్లు మారిన సంగతి పాపం మీ ప్రోగ్రామ్‌కి తెలియదు. మొదట మరీ పరుగులు పెట్టింది. మీ చేతికి అలవాటైన వేగానికి తగ్గించాను.

పనయ్యాక ముందు లోపలి విండోలో, అంటే మీ ప్రోగ్రామ్‌లో, సేవ్ చేసి, తర్వాతే బయటి ఎమ్యులేటర్ విండో మూయండి. పాతదాన్ని ఆపినట్టు నేరుగా స్విచ్ నొక్కేస్తే కష్టమంతా గల్లంతే!

ఇంకో మాట. మీ పాత డిస్క్‌లోంచి ఫైళ్లు ఇటు మారుస్తుంటే ‘కోడలు’ అని ఒక జాకెట్టు డిజైన్ కనిపించింది. తేదీ చూస్తే, మీ అబ్బాయి నాకు పరిచయం కావడానికి నాలుగేళ్ల ముందుది. నేనొచ్చి మూడేళ్లయినా నాకోసం ఒక్క కుట్టూ వెయ్యలేదని ఇన్నాళ్లూ లోలోపల అలిగాను. నా కొలతలు ఈ చీటీ వెనక రాశాను.