క్వారంటైన్ ఫోల్డర్

18 నవంబర్ 2002, సోమవారం

పంజాగుట్ట ఆఫీసులో ఆరు మెషీన్లకూ కొత్త యాంటీవైరస్ వేశాను. ప్రోగ్రామింగ్‌తో పాటు ఈ చాకిరీ కూడా నాదే. ప్రొబేషన్‌లో ఉన్నది నేనూ, జువేరియా. అమీర్‌పేటలో ఒకే బ్యాచ్‌లో నేర్చుకున్నాం. పర్మనెంట్ చేసేది ఒక్కరినే అని మా బాస్ అచ్యుతరావు గారు మళ్ళీ చెప్పారు. ఆ ఒక్కరు ఎవరో అందరికీ తెలుసు. నేను కాదు.

19, మంగళవారం, ఉదయం 11

జువేరియా ప్రోగ్రామ్ మాయమైంది. సోమాజిగూడలోని ఒక ఆస్పత్రి కోసం రాసిన పేషెంట్ రిజిస్ట్రేషన్. నాలుగు నెలల పని. శుక్రవారం డెమో. బ్యాకప్ సీడీని మెషీన్ చదవడం లేదు.

తన సీట్లో కూర్చుని గంటసేపు వెతికినట్టు చేశాను. ఎక్కడుందో తెలుసు. యాంటీవైరస్ ఆ ఫైళ్ళను వైరస్ అనుకుని తన ఫోల్డర్‌లోకి లాక్కుంది. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో ఆ సాఫ్ట్‌వేర్ పేరు, దాని లోపల క్వారంటైన్. హిడెన్ ఫోల్డర్, మామూలుగా కనపడదు. వెనక్కి తేవడం రెండు నిమిషాల పని.

పోయినట్టే ఉందని చెప్పాను.

జువేరియా ఏడవలేదు. "సరే దుర్గేష్, మళ్ళ రాస్త," అంది.

20, బుధవారం

రంజాన్ నెల కదా, జువేరియా రోజా ఉపవాసం ఉంటూనే మళ్ళీ రాస్తోంది. పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాను. థ్యాంక్స్ అంది. వినడానికి బాగుంది.

21

ఇవాళ కూడా చెప్పలేదు.

22, శుక్రవారం

డెమోలో మూడో స్క్రీన్ దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఆస్పత్రి వాళ్ళు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

"ఫైలు జాగ్రత్త చేసుకోవడం రాని అమ్మాయికి ఈ ఉద్యోగం ఎందుకమ్మా? సోమవారం నుంచి రావద్దు," అన్నారు అచ్యుతరావు గారు, అందరి ముందూ. ఆమె నా వైపు చూసింది, ఒక్క మాట చెబుతాననేమో. నేను కీబోర్డు దుమ్ము దులుపుతూ ఉండిపోయాను.

25, సోమవారం, ఉదయం 8

అందరికంటే ముందు వచ్చి ఫైళ్ళు వెనక్కి తెచ్చాను. ఒక్కటీ పోలేదు. మొదటి లైన్‌లో రాసినవారి పేరు ఉంది. మార్చాను. రన్ చేస్తే ఎక్కడా ఆగలేదు. చాలా బాగా రాసింది.

2 డిసెంబర్

ఆస్పత్రి వాళ్ళు ఒప్పుకున్నారు. నా పర్మనెంట్ లెటర్ వచ్చింది.

9 డిసెంబర్

జువేరియా నాన్నగారు, గౌస్ మొహియుద్దీన్, రంజాన్ పండగ సేమ్యా పాయసం, షీర్ ఖుర్మా డబ్బాతో ఆఫీసుకు వచ్చారు. ఆమె ఇప్పుడు కంప్యూటర్ ముట్టడం లేదట.

"మా బిడ్డ పక్కకు కూసున్నది నువ్వొక్కనివేనట బాబూ. జర తిను."

తిన్నాను. ఇంకొంచెం వేశారు. అదీ తిన్నాను.