తెర పక్కన రెండో హార్మోనియం

కడప.

సాయిప్రసాద్ బావకు శివలీల రాస్తున్నది.

ఇక్కడ అత్తా నేనూ బాగున్నాం. అత్తకు మోకాలి నొప్పి తగ్గి మళ్లీ మెట్లెక్కుతోంది. అక్కడ ఎండలు ముదరక ముందే ఈ ఉత్తరం అందితే నువ్వు కాస్త నిమ్మళంగా చదువుతావని ఆశ. మీ గదిలో ఉండే జ్ఞానరాజు సెలవు ముగించుకొని ఈ వారమే కువైట్‌కు తిరిగి వస్తున్నాడు. అత్త చేసిన కందిపొడీ, ఈ ఉత్తరమూ అతని చేతికే ఇస్తున్నాను. కవరు అంటించి, అతికించిన చోట అడ్డంగా సంతకం పెట్టాను. అది చెదిరి ఉంటే నాకు చెప్పు.

ఫోన్‌లో అయితే ఇద్దరికీ గొంతులు లేస్తున్నాయనీ, సంగతులు రాసుకుందామనీ నువ్వే అన్నావు. అన్నట్టే రాశావు. కానీ నీ ఉత్తరంలో బాగోగుల కంటే ప్రశ్నలే ఎక్కువ. నేను ఆదోనిలో కనబడ్డానని ఎవరో చెప్పారని రాశావు గానీ, ఆ ఎవరో ఎవరన్నది రాయలేదు. ముందు కింది ఇంటివాళ్లను అనుమానించాను. తర్వాత జ్ఞానరాజును. అత్తను కూడా వదల్లేదు. అందుకని ఒక్కొక్క ప్రశ్నకే జవాబు చెప్పుకుంటూ వస్తాను.

ఇన్ని పనులెందుకు, ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవచ్చు కదా అని అడిగావు. మీ గదిలో వాళ్లు నీ భార్య ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదన్నావు. నాకూ తెలియదు బావా. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. చీరల అంగడికి ఆటోలో తిరిగే పాట కట్టి, పాడి, నేనే రికార్డు చేసి ఇస్తాను. బడి వార్షికోత్సవాలకు డోలక్ వాయిస్తాను. పాడైన హార్మోనియాలు విప్పి బాగుచేస్తాను. ఒక్కదాన్నే నమ్ముకుంటే కడపలో ఇల్లు గడవదు. ఇంకో కారణం కూడా ఉంది. నాకు గురువు లేడు. ఒక్కచోటే ఎక్కువ కాలం కూర్చుంటే, ఎవరో ఒకరు వచ్చి ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేలోపే నేను ఇంకో పనిలోకి లేచిపోతుంటాను.

ఇక ఉరుకుందు ఎవరని అడిగావు. అతనిది ఆదోని. పద్యనాటకాల కంపెనీ నడుపుతాడు. పాత హార్మోనియం ఒకటి బాగుచేసి, సరిగా పలుకుతోందో లేదో చూస్తూ వాయించిన వీడియో మా వాయిద్యగాళ్ల గ్రూపులో పెట్టాను. అది చూసి ఫోన్ చేశాడు. పద్యానికి హార్మోనియం పట్టగలవా అని అడిగాడు. పట్టగలనన్నాను. అక్కడి నుంచి అతను చెప్పిన ప్రతి మాటా నాకు తేడాగానే అనిపించింది. పోస్టరు మీద నా పేరు వేయడట. ఎందుకొస్తున్నానో ఎవరికీ చెప్పకూడదట. ఆట జరిగే చోట వెనక వైపు నుంచే రావాలట. ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్ ఆపి ఉంచాలట. నేను అడిగిన డబ్బుకు బేరం కూడా ఆడలేదు. బేరమాడని మనిషిని నేను ఈ పనిలో ఎప్పుడూ చూడలేదు.

వద్దని చెప్పేద్దామనుకుంటూ అత్తతో అన్నాను. అత్త బియ్యం ఏరుతూనే, "పోదాం పద. నువ్వు వాయించు. నేను వాళ్ల మొగాలు సూస్తాంటా" అంది. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా నాకు అనుమానమే. నన్ను కనిపెట్టి ఉండమని నువ్వే చెప్పావేమో అనుకున్నాను. రైలు ఎర్రగుంట్ల దాటేదాకా ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఫోన్‌లో వినబడిన రైలు చప్పుడు ఏమిటని అడిగావే, అది అదే.

ఆదోనిలో మూతబడిన పత్తి మిల్లు పై అంతస్తులో వాళ్ల రిహార్సలు. నటులకు ఎదురుగా, మధ్యలో హార్మోనియం దగ్గర తెల్ల పంచెలో ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. పేరు మద్దయ్య. ఆ పక్క ఊళ్లలో నాటకం అంటే ముందు ఆయన పేరే అడుగుతారు. నన్ను మాత్రం పక్క తెర వెనక్కి తీసుకుపోయారు. అక్కడ ఇంకో హార్మోనియం, దానికో మైకు. నేను ఉరుకుందును నిలదీశాను. రెండు హార్మోనియాలు ఎందుకో చెబితే గానీ కూర్చోనన్నాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనకు చెవులు పోయినాయమ్మా. నటుడు ఒక శ్రుతిలో ఎత్తుకుంటే ఆయన ఇంకో శ్రుతి పట్టుకుంటాండాడు. ఆయన మైకు ఆపేస్తాం. నీది పలుకుతాది. ఆయనకు తెలీదు. తెలీనీకూడదు."

ఆయన పేరు లేకపోతే ఊళ్లవాళ్లు నాటకాన్ని పిలవరు, ఆయనకు వినబడదని తెలిసినా పిలవరు. అదీ అతని చిక్కు. అది నిజమో, లేక పెద్దాయనను మెల్లగా పక్కకు తప్పించి నన్నూ తర్వాత తరిమేసే ఎత్తో నాకు తేలలేదు. అయినా కూర్చున్నాను. ఎందుకో నిజం చెబుతాను. తెర సందులోంచి ఆయన వేళ్లు కనబడుతున్నాయి. అటువంటి చేతిని అంత దగ్గర నుంచి చూసే వీలు నాకెప్పుడూ దొరకలేదు. ఆయన పలికించే శ్రుతి తప్పుగా ఉన్నా, ఆ వేళ్లు పద్యంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ నటుడి ఊపిరికి చోటివ్వాలో నాకు నేర్పుతూ వచ్చాయి.

అట్లా కొన్ని ఆటలు నడిచాయి. పొద్దుగూకేసరికి నేను తెర వెనక చేరేదాన్ని. అత్త తెర అంచున ముక్కాలిపీట వేసుకొని కాపలా కూర్చునేది. ఒకరోజు మద్దయ్య ఆమెను చూసి ఎవరమ్మా నువ్వని అడిగాడు. వంట మనిషినని ఆయన చెవి దగ్గర అరిచి చెప్పింది. ఆయన నమ్మినట్టు లేదు. ఆట అయిన ప్రతిసారీ అందరూ జనానికి దండం పెడుతుంటే ఆయన మాత్రం మా తెర వైపు చూసేవాడు. ఒక ఆటలో పద్యం మధ్యలోనే వేళ్లు పైకెత్తి కాసేపు ఊరికే కూర్చున్నాడు. అలసిపోయాడేమో అనుకొని నేను వాయిస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత మంత్రాలయం దారిలో ఒక ఊరి జాతర. మొదటి అంకం నడుస్తోంది. చిన్న ఈరన్న అని, మా కంపెనీలో ముఖ్య నటుడు, పద్యం ఎత్తుకున్నాడు. అప్పుడు కరెంటు పోయింది. మైకులన్నీ మూగబోయాయి. ఈరన్న గొంతుకు మైకుతో పని లేదు, ఆపకుండా పాడాడు. నేనూ ఆపలేదు. పెద్దాయనా ఆపలేదు. రెండు హార్మోనియాలూ ఒకేసారి జనానికి వినబడ్డాయి. ఒకటి ఒక దారి, ఇంకోటి ఇంకో దారి. ఈరన్న తడబడి పద్యం వదిలేశాడు. జనంలో నవ్వులు మొదలయ్యాయి. తెర వెనక ఇంకో పెట్టె పలుకుతాండాదని ఎవరో అనడం నాకు స్పష్టంగా వినబడింది.

ఉరుకుందు చీకట్లో నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. గట్టిగా వాయించమనీ, పెద్దాయనది వినబడకుండా చెయ్యమనీ నా చెవి దగ్గర అన్నాడు. నేను హార్మోనియం మెట్ల మీద నుంచి వేళ్లు తీసేశాను. తీసి, పెద్దాయన ఎక్కడున్నాడో విన్నాను. చర్చిలో ప్రేమజ్యోతక్క ప్రతి ఆదివారం తనకు తోచిన చోట పాట ఎత్తుకుంటుంది. ఆమె ఎక్కడ మొదలుపెడితే అక్కడికి పరుగెత్తి పట్టుకోవడం నాకు అలవాటే. అదే చేశాను. ఆయన శ్రుతిలోకి వెళ్లి, ఆయన వాయిస్తున్నదే వాయిస్తూ, పద్యం ఎత్తుగడను ఈరన్నకు గట్టిగా అందించాను. ఆ శ్రుతి అతని గొంతుకు బాగా ఎక్కువ. అయినా అర్థం చేసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బేట్టుగా అందుకొని పాడాడు. నవ్వులు తగ్గాయి. జనరేటరు వచ్చేదాకా ముగ్గురం ఒకే దారిలో నడిచాం.

అంకం అయ్యాక మద్దయ్య నేరుగా తెర దగ్గరికొచ్చి దాన్ని పక్కకు లాగాడు. అత్త లేచి అడ్డంగా నిలబడింది. ఆయన ఆమె భుజం మీదుగా నన్ను చూసి, "యాడ నేర్చుకున్నావు? ఎవురి దగ్గర?" అని అడిగాడు.

నేను జీవితమంతా తప్పించుకు తిరిగిన ప్రశ్న బావా. ఎవరి దగ్గరా లేదని మెల్లగా చెప్పాను. ఆయనకు వినబడలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడూ వినబడలేదు. చివరికి అరిచి చెప్పాల్సి వచ్చింది, ఎవరి దగ్గరా నేర్చుకోలేదని. నటులూ, తబలా ఆయనా, తెర అవతల ముందు వరుసలో కూర్చున్న ఊరి పెద్దలూ అందరూ విన్నారు.

ఆయన తల ఊపాడు. "అట్లయితే నిన్ను ఆపేటోళ్లు ఎవురూ ల్యారు. ముందరికి రా" అన్నాడు. తర్వాత ఉరుకుందు వైపు తిరిగి, "నా మైకు పలకడం ల్యాదని నాకు తెలుసప్పా. ఆ పొద్దు నడిపద్యంలో వేళ్లెత్తి సూసినా. ఒక్కరన్నా తిరిగి సూడల్యా" అన్నాడు.

ఉరుకుందు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఆ రోజు నేను చూసి కూడా వాయించడం ఆపలేదు కదా.

మిగతా ఆట నేను ముందు కూర్చొని వాయించాను. ఆయన నా పక్కన కూర్చొని, నా హార్మోనియం పెట్టె మీద అరచెయ్యి ఆనించి పెట్టుకున్నాడు. ఆ చేతికి ఏం తెలుస్తుందో నాకు తెలియదు. నేను తప్పిన చోట మాత్రం వేలితో పెట్టె మీద ఒక్క పోటు పొడుస్తాడు. అప్పటి నుంచీ అట్లాగే నడుస్తోంది. ఇదంతా చదివి నేను ఎవరినైనా నమ్మేశాననుకోవద్దు. పెద్దాయన నన్ను పిలిచింది మెచ్చుకొనో, తనను తప్పించారన్న మాట రాకుండా తనే ఇచ్చినట్టు కనబడాలనో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉరుకుందు నవ్వుతూ మాట్లాడిన రోజు నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను.

నీ చివరి ప్రశ్న, నా దగ్గర ఇంకేమైనా దాస్తున్నావా అని. దాస్తున్నాను. ఇంతదాకా రాయకుండా ఆపింది అదే. వానలు పడేదాకా ఈ సీజనంతా ఆ కంపెనీతో తిరుగుతానని మాటిచ్చేశాను. పోస్టరు అచ్చయింది. హార్మోనియం అన్న చోట మద్దయ్య పేరు, దాని పక్కన కడప శివలీల అని నా పేరు. ఆ పోస్టర్లు ఆదోని గోడల మీద అంటించారు. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు వద్దంటావని భయపడ్డాను. వద్దన్న తర్వాత వెళ్లడం కంటే, అడగకుండా వెళ్లడం నయమనిపించింది. చర్చి మానను. పిల్లల క్లాసులు మాత్రం వానలదాకా ఆపేశాను. చీరల అంగడి పాటలు రైల్లో కూర్చొనైనా కట్టుకోవచ్చు.

ఈ ముక్క ఎట్లా రాయాలో తెలియక కలం పట్టుకొని కూర్చుంటే, అత్త వచ్చి ఏం రాస్తాండావని అడిగింది. చదివి వినిపించాను. ఆదోని సంగతి నీకు చెప్పింది నువ్వేనా అని అప్పుడే అడిగేశాను. అత్త దాచలేదు.

"నేనే చెప్పినా. నా కోడలు ఆదోనిలో వాయిస్తాండాదని చెప్పుకోకుండా ఎట్లుండేది?"

కాపలాకు వచ్చిందనుకున్న మనిషి ఆ గొప్పను కడుపులో దాచుకోలేక నీకు చెప్పేసిందన్న మాట. నువ్వు దాన్ని ప్రశ్నగా మార్చి నాకు పంపావు. తర్వాత అత్త కాగితం వైపు చూపించి, "వాణ్ని అడగొద్దు. చెప్పు" అంది. అందుకే చెబుతున్నాను.

సెలవు దొరికితే ఈసారి నేరుగా ఆదోనికే రా. నీ అనుమానం ఇంకా తీరకపోతే తీరినట్టు నటించొద్దు బావా. దాన్నీ వెంటబెట్టుకొని వచ్చి ముందు వరుసలో కూర్చో.

ఇట్లు
నీ మేనమామ కూతురు
శివలీల