ఏరిపారేసిన ఓడ నాణెం

బిస్కట్ల మహారాణి అక్కయ్యకి, చిల్లర పిచ్చి ఇంకా వదలని తమ్ముడు చేసుకునే మనవి.

ఇక్కడ అందరం కులాసా. నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. నువ్వు ఈ రెండు వాక్యాలూ దాటేసి చదువుతావని తెలుసు కాబట్టి నేరుగా సంగతికి వస్తాను.

నా ఓడ బొమ్మ రాగి నాణేల ఆల్బం గుర్తుందిగా? ఏడాదికొకటి చొప్పున అన్నీ వరసగా అమర్చాను. ఒకే ఒక్క గుంట ఖాళీ. కరువొచ్చిన ఏడాది టంకశాలవాళ్లు నాణేలు బహు తక్కువ కొట్టారు. ఆ ఒక్కదాని కోసం నేను ఎక్కని కొట్టు లేదు. పాలవాడు ఇచ్చిన చిల్లర కూడా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తుంటే, వాడు నాది దొంగనోట్లు పట్టుకునే ఉద్యోగం అనుకుంటున్నాడు.

వచ్చే నెలలో మా నాణేల సంఘం పోటీ ఉంది. ఏటా కప్పు ఎగరేసుకుపోయేది కళ్లజోళ్ల షాపాయన. మేమంతా ఆయన్ని భూతద్దం అంటాం. నిరుడు నా ఖాళీ గుంట మీద వేలు పెట్టి, "ఏం లైబ్రేరియన్‌గారూ, ఈ పుస్తకం ఎవరో పట్టుకెళ్లి తిరిగివ్వలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఆ ఉక్రోషంలో నీ మరదలితో పంతం కూడా వేశాను. ఈసారి కప్పు తేకపోతే నా నాణేల గది ఖాళీ చేసి తన పరం చేస్తానన్నాను. తను వెంటనే టేపు తెచ్చి గోడలు కొలిచింది. అక్కయ్యా, ఆ గది పోతే నేను మనిషిగా మిగలను.

మీ ఊరి ఆదివారం సంతలో పాత నాణేల కొట్టు ఒకటి ఉందట. ముసలాయన పోయాక అల్లుడు కూర్చున్నాడట. మొన్నటిదాకా చెప్పులమ్మినవాడు, నాణేల్లో ఓనమాలు తెలియవట. పెద్ద బేసిన్ నిండా నాణేలు పోసి, ఏది తీసినా ఒకటే ధరంటున్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచీ నా వేళ్లు దురదపెడుతున్నాయి. లైబ్రరీలో లెక్కింపు జరుగుతోంది, నాకు సెలవు ఇవ్వరు. నువ్వే నాకు దిక్కు. కావలసిన నాణెం కనబడితే దానివైపు చూడకు, వేరేదానికి బేరం మొదలుపెట్టు. ఏడాది అంకెలు చీటీ మీద రాసి జత చేశాను.

ఇట్లు,
ఒక్క గుంట తక్కువైన నీ తమ్ముడు

తా.క. భూతద్దం మనుషులు అంతటా ఉంటారు. చదవగానే చింపెయ్.
తా.క. మళ్లీ. చీటీ మాత్రం చింపకు.

*

చిరంజీవి చిల్లరరాజుకి అక్కయ్య ఒక దీవెన, ఒక మొట్టికాయ.

మొదటి తా.క. చదివి అన్నీ చింపాను. రెండో తా.క. చూసేసరికి చీటీ నాలుగు ముక్కలు. బావగారు కూర్చుని అతికించారు.

సంతకి వెళ్లాను. బేసిన్ ముందు పీట వేయించుకుని, చేతులు మోచేతులదాకా దింపి కలిపాను. ఎంత హాయిగా ఉందనుకున్నావు! వేళ్లు నల్లబడ్డాయి, రాగి వాసన ముక్కుకి పట్టింది, టీ తాగడం కూడా మరిచిపోయాను. బిస్కట్ ఫ్యాక్టరీలో బెల్టు ముందు నిలబడ్డట్టే అనిపించింది. గుండ్రటి సరుకు వచ్చిపోతుంటే విరిగినదీ, వంకరదీ, అచ్చు సరిగ్గా పడనిదీ ఏరిపారేయడమే కదా నా ఉద్యోగమంతా. రిటైరైనా కళ్లు ఊరుకోవు.

నీ ఏడాదివి రెండు దొరికాయి. ఒకటి నిక్షేపంగా ఉంది. రెండోదాన్ని వెలుతురుకి పట్టి చూశాను. అంకెలు ఉన్నాయి గానీ ఓడ సగమే పడింది. మిగతా సగం బోడి రాగి.

"ఏమయ్యా, ఇది అమ్మే సరుకేనా?" అన్నాను.

"ఏమైందండీ?"

"కళ్లు పెట్టి చూడు. ఓడ మునిగిపోతోంది."

అతను అటు తిప్పి ఇటు తిప్పి బిక్కమొహం వేశాడు. "మా మామగారు కొన్నదండీ. నాకేం తెలుసు?"

"మీ మామగారి పొరపాటుకి నేను డబ్బులియ్యాలా? మా ఫ్యాక్టరీలో ఇలాంటిది డబ్బాలో పడితే ఆ పూటే నన్ను ఇంటికి పంపేవాళ్లు."

జనం మూగారు. పరువు దక్కించుకోవడానికి పాపం మంచి నాణెం సగం ధరకే ఇచ్చేశాడు. వంకరదాన్ని బేసిన్‌లోకి గిరాటేసి వచ్చాను. బేరమంటే ఇదీ! నీ గది ఇక నీదే, కాళ్లు చాపుకుని కూర్చో.

ఇట్లు,
గెలిచొచ్చిన అక్కయ్య

తా.క. నాణెం మరీ మురికిగా ఉంది. నలుగురిలో పెట్టే వస్తువు కదా అని నిమ్మకాయా ఉప్పూ వేసి, పీచుతో పరపరా తోమాను. ఇప్పుడు దాన్లో నీ మొహం చూసుకోవచ్చు. థాంక్సులు అక్కర్లేదు.

*

అక్కయ్యకి, ఇల్లు కాలి రోడ్డున పడ్డ తమ్ముడు రాసేది.

తోమావా? తోమేశావా?

అక్కయ్యా, పాత నాణేనికి ఆ నలుపే ప్రాణం. అది పట్టడానికి ఒక జీవితకాలం పడుతుంది. న్యాయనిర్ణేతలు తెల్ల గ్లవుసులు వేసుకుని ముట్టుకుంటారు, గట్టిగా ఊపిరి కూడా వదలరు. నువ్వు నిమ్మకాయ పిండావు! పొట్లం విప్పితే బల్బు వెలిగినట్టు వెలిగింది. చూడలేక దాని మీద తువ్వాలు కప్పాను.

అదలా ఉంచు. నువ్వు గిరాటేసిన ఆ వంకరది ఉందే, అది టంకశాలలో పొరపాటున పక్కకి జరిగి అచ్చుపడిన నాణెం. అలాంటివి అక్కడే ఏరి కరిగించేస్తారు. వాళ్ల కళ్లు కప్పి బయటపడ్డది ఎక్కడో ఒకటి. అందులోనూ కరువు ఏడాదిది! దాన్ని చూస్తే భూతద్దం కళ్లజోడు దానంతటదే పగిలిపోయేది. అలాంటిదాన్ని చేతిలోకి తీసుకుని, తిట్టి, పారేసి వచ్చావు. బిస్కట్లకీ నాణేలకీ తేడా తెలియనిదానివి నీకెందుకు చెప్పానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నీకేం తెలుసు నాణేల సంగతి!

వెంటనే వెళ్లు. బేసిన్ మొత్తం తిరగెయ్. దొరికితే అడిగినంత ఇచ్చెయ్, నోరు మెదపకు, ముఖ్యంగా ఏమీ కడగకు.

ఇట్లు,
తలపట్టుకున్న నీ తమ్ముడు

తా.క. లైబ్రరీకి వేళ మించిపోతోంది. ఈ ఉత్తరం అంటించి పోస్టు చేసే పని నీ మరదలికి అప్పగిస్తున్నాను.

*

చిరంజీవి మహాపండితుడైన తమ్ముడికి, ఏమీ తెలియని అక్కయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బావగారికి చదివి వినిపించాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి లేచి బయటికి వెళ్లారు.

నువ్వు చెప్పినట్టే సంతకి వెళ్లాను. నన్ను చూడగానే కొట్టాయన లేచి నిలబడ్డాడు. "రండమ్మా, మీరన్న మాటకి నాకు కళ్లు తెరుచుకున్నాయి" అన్నాడు. ఏం చేశాడనుకున్నావు? బేసిన్లన్నీ జల్లెడపట్టి వంకరవీ, చీలినవీ, రెండుసార్లు అచ్చుపడినవీ అన్నీ ఏరి పక్కన పెట్టేశాడు. కొట్టు ముందు అట్ట కూడా కట్టాడు, 'మా వద్ద లోపమున్న నాణేలు అమ్మబడవు' అని. చెప్పుల కొట్టులో ఎడమకాలివి రెండు కట్టిచ్చినందుకు ఒకసారి ఎవరో నలుగురిలో తిట్టారట, అప్పటి నుంచీ నాసిరకం సరుకంటే వణుకట. ఇప్పుడు ప్రతి ఆదివారం నేను వచ్చి తనిఖీ చేస్తే తప్ప కొట్టు తెరవనంటున్నాడు. పీటకి బదులు కుర్చీ వేశాడు.

కాబట్టి నువ్వు ఇక ఆశ వదులుకో. ఆ కొట్టు మొత్తం గాలించినా ఇప్పుడు ఒక్క వంకర నాణెం దొరకదు. నామాటగా చెబుతున్నాను.

తోమిన నాణెంతోనే పోటీకి వెళ్లు. కనీసం దూరం నుంచి కనబడుతుంది.

ఇట్లు,
బిస్కట్లకీ నాణేలకీ తేడా తెలియని నీ అక్కయ్య

తా.క. మరదల్ని అడిగానని చెప్పు. దిండు గలీబులు ఒక పార్సిలు పంపుతున్నాను. నువ్వు విప్పకు, మడతలు చెడిపోతాయి.

*

అక్కయ్యకి, గది పోగొట్టుకున్న తమ్ముడి నమస్కారాలు.

పోటీ అయిపోయింది. ఓడిపోయాను. భూతద్దం కూడా ఓడిపోయాడు. సంతోషించాల్సిన మాటే, కాని ముందు జరిగింది విను.

మా సంఘంలో పెట్టెల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. నా ఆల్బం నిండా నల్లటి ఓడలు, మధ్యలో నీ చేతి మహిమ ఒక్కటి ధగధగ. న్యాయనిర్ణేత చూసి, "ఇది బొత్తామా?" అన్నాడు. నేను నేల చీలితే దిగిపోదామనుకున్నాను.

అప్పుడు చివరి బల్ల దగ్గర గుంపు చూశాను. నల్లగుడ్డ పరిచిన చిన్న పెట్టె. పైన 'ఏరిపారేసినవి' అని టైపు చేసి ఉంది. అక్కయ్యా, లోపల అన్నీ తప్పుపడిన నాణేలే! ఒకదాని మీద రాజుగారి ముక్కు రెండుసార్లు పడింది. కింద చీటీ: 'జలుబు కాదు, రెండు దెబ్బలు.' ఒకదాని అంచు చంద్రవంకలా కోసుకుపోయింది: 'ఎవరూ కొరకలేదు.' ప్రతిదాని కిందా ఆ తప్పు మరలో ఎలా జరిగిందో రెండు ముక్కల్లో ఎంత బాగా రాశారో! న్యాయనిర్ణేత పగలబడి నవ్వుతూ గ్లవుసుతోనే కళ్లు తుడుచుకున్నాడు. చివరి వరసలో ఏముందో చెప్పనా? కరువు ఏడాది నాణెం. సగం ఓడ. 'రేవు దాటింది, ఇక ఆగదు' అని రాసి ఉంది.

నువ్వు పారేసిందే! ఎవడో అదృష్టవంతుడు నీ వెనకే వచ్చి ఎత్తుకుపోయాడు. మామూలుగా అయితే నాకు ఏడుపు రావాలి. నిజం చెబుతున్నాను, ఓడిపోయానన్న సంగతి మరిచి చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ల సేకరణలో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. పక్కన భూతద్దం కూడా నోరు తెరిచి చూస్తున్నాడు. తర్వాత ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగాం. మనిషి అంత చెడ్డవాడేం కాదు.

మొదటి కప్పు ఆ పెట్టెకే. గెలిచినవాళ్లు తమ పేరు కొన్నాళ్లు బయటపెట్టవద్దన్నారని కార్యదర్శి నోరు విప్పడం లేదు. రేపటి నుంచి గది సర్దడం మొదలుపెడతాను.

ఇట్లు,
పెట్టేబేడా సర్దుకుంటున్న నీ తమ్ముడు

తా.క. నీ మరదలు ఎన్నడూ లేనిది పోటీకి వచ్చింది. ఆ పెట్టెకి బహుమతి చెప్పగానే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. కట్టుకున్నవాడు ఓడిపోతే అంత ఆనందమా? నువ్వే అడుగు.

*

చిరంజీవి తమ్ముడికి, ఒక్కరు కాదు ఇద్దరు కలిసి పంపుతున్న ఆశీస్సులు. ఇందులో ఒకతె నీకంటే చిన్నది, అయినా ఈ పూటకి పుచ్చుకో.

ఆ అదృష్టవంతుడు నేనే.

అబద్ధం ఆడలేదు. కొట్టులో వంకర నాణెం ఒక్కటీ లేదన్నాను, ఎందుకంటే అవన్నీ అప్పటికే మా ఇంటికి చేరాయి. కొట్టాయన ఏరిన డబ్బా చెత్తలో పారెయ్యబోతుంటే పట్టుకున్నాను. "బాబూ, వీటికి చాలా విలువుందట, మా తమ్ముడు రాశాడు" అని నీ ఉత్తరం కూడా చూపించాను. నమ్మితేనా! "నా నష్టం పూడ్చాలని అలా అంటున్నారమ్మా, మీది పెద్ద మనసు" అని కళ్లనీళ్లు పెట్టుకుని, బేసిన్ ధరకే డబ్బా చేతిలో పెట్టాడు. నిన్న కప్పు ఫొటో తీసుకెళ్లి చూపించాను. పాత అట్ట పీకేసి కొత్తది కట్టాడు: 'లోపమున్న నాణేలకు రెట్టింపు ధర.' నేను బేరమాడబోతే అట్ట వైపు వేలు చూపించాడు. శిష్యుడు బాగుపడ్డాడు.

ఇక రెండో మనిషి సంగతి. 'జలుబు కాదు, రెండు దెబ్బలు' అని రాసే తెలివి నాకెక్కడిది? అదంతా నీ ఇంట్లో తయారైంది. లైబ్రరీకి వేళ మించిపోతోందని అంటించమన్నావే, ఆ ఉత్తరం మరదలు చదివింది. అందులోనే ఓ చీటీ పెట్టింది: "వదినగారూ, నాణెం కడిగారని ఇంత గోల చేస్తున్న ఈ మనిషి తాగిన గ్లాసు మాత్రం ఒక్కనాడూ కడగలేదు. మీరు బాధపడకండి. ఆ వంకరవి దొరికితే నాకు పంపండి." పంపాను. గలీబుల మధ్య పెట్టి పంపాను. నువ్వు లైబ్రరీకి వెళ్లగానే తను నీ గదిలోనే కూర్చుని, నీ పుస్తకాలే తిరగేసి, ఏ తప్పు ఎలా పడిందో తేల్చి, పెట్టె సర్ది గుట్టుగా మీ కార్యదర్శికి అందించింది. అసలు పుస్తకాల అవసరం కూడా పెద్దగా లేదట. పెళ్లైన నాటి నుంచీ భోజనాల దగ్గర నువ్వు చెప్పిందంతా తనకి గుర్తుంది. నువ్వు గోడకి చెబుతున్నాననుకున్నావు.

తమ్ముడూ, ఒక్క మాట. నా ఉద్యోగమంతా వంకరవాటిని ఏరి తొట్లో పడేశాను. ఏ ఒక్కదాన్నీ రెండోసారి చూడలేదు. ఇప్పుడు ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఎంత బాగుంటోందో చెప్పలేను. నువ్వు కోప్పడి రాసిన ఉత్తరమే ఇదంతా తెచ్చిపెట్టింది, కాబట్టి నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది. అది ఆ కప్పు ఫొటో చూసినప్పుడల్లా తగ్గుతోంది.

గది సర్దడం ఆపు. పంతం ప్రకారం అది మరదలిది, కాని తనకి మొత్తం వద్దట. సగం చాలట. టేపుతో కొలిచి మధ్యలో సుద్దగీత గీసింది, చూసే ఉంటావు. కిటికీ వైపు వెలుతురు బాగుంటుంది కాబట్టి అది మేము తీసుకుంటున్నాం. ఆదివారం సంత తనిఖీ కాగానే నేను డబ్బాతో దిగుతున్నాను.

ఇట్లు,
ఈ ఏటి మొదటి బహుమతిలో సగం అయిన
నీ అక్కయ్య

తా.క. ఆ సగం ఓడ నాణెం నీకు అమ్మాలా వద్దా అని మేమిద్దరం బాగా ఆలోచించాం. అమ్మం. చూడాలనిపిస్తే గీత ఇవతలికి రావచ్చు, కాని ముందు మరదల్ని అడుగు.